బాస్టిల్ గేటు డ్యూటీ

డిగ్రీ రెండో సంవత్సరంలో మా హిస్టరీ మేడం విప్లవాలను చీటీలు వేసి పంచారు. టేబుల్ మీద తన టిఫిన్ డబ్బా మూత బోర్లించి, దాని కింద మడిచిన అయిదు కాగితాలు పెట్టి, గ్రూపుకొకరు వచ్చి తీసుకోమన్నారు. అమెరికా, ఫ్రాన్స్, రష్యా, చైనా, ఆఖరుది పారిశ్రామిక విప్లవం. పారిశ్రామిక విప్లవం వచ్చిన గ్రూపు వాళ్లు అందులో రాజును చంపరని తెలిసి కొంచెం నిరాశపడ్డారు. మాకు ఫ్రాన్స్ వచ్చింది. తీసింది నేను కాదు, మా లీడరు.

ఆ అమ్మాయి లీడరు ఎలా అయిందో చెప్పాలి. మేడం "నలుగురు నలుగురు కూర్చోండి" అనగానే ఫోను తీసి వాట్సాప్‌లో ఒక గ్రూపు తెరిచి మా ముగ్గురినీ అందులో చేర్చింది. గ్రూపు తెరిచినవాళ్లు అడ్మిన్, అడ్మిన్ అంటే లీడరు. ఎన్నికలేమీ జరగలేదు, కావాలని ఎవరూ అడగలేదు. వాళ్లది గుంటూరు వైపు. నాన్నగారు ప్రభుత్వోద్యోగి, హఫీజ్‌పేట్‌లో సొంత ఫ్లాటు. మంచి అమ్మాయే. మామూలుగా నన్ను "నువ్వు" అనేది, కోపం వస్తే మాత్రం "అండి" అనేది. ఆ నెల రోజుల్లో నేను చాలాసార్లు "అండి" అనిపించుకున్నాను.

రెండోవాడు మూసాపేట అబ్బాయి. పీపీటీలు చేయడంలో వాడికి రాని విద్య లేదు. అక్షరాలు పైనుంచి రాలడం, పక్కనుంచి దూసుకురావడం, గిరగిరా తిరిగి ఆగడం, అన్నీ చేయించేవాడు. అవి ఏ అక్షరాలు అన్నది మాత్రం పట్టించుకునేవాడు కాదు. మూడో అమ్మాయి బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకుంటూ ఉండేది. తన రోల్ నంబరు మాకిచ్చి, ప్రజెంటేషన్ ఏ రోజో చెప్పమని వెళ్లిపోయింది. నాలుగో మనిషిని నేను. మాది బోరబండ. ఇంటర్ దాకా తెలుగు మీడియం.

మా కాలేజీ హఫీజ్‌పేట్ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక కాంప్లెక్సులో రెండో అంతస్తూ మూడో అంతస్తూ. కింద టైర్ల షాపు. నేను పొద్దున బోరబండలో రైలెక్కేదాన్ని. మధ్యలో హైటెక్ సిటీ స్టేషన్‌లో మెడలో కార్డులున్న వాళ్లంతా దిగిపోయేవాళ్లు. మిగిలిన వాళ్లం కాస్త సర్దుకుని కూర్చునేవాళ్లం.

గ్రూపు ప్రజెంటేషన్‌లో స్లయిడ్లు పంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అన్ని కాలేజీల్లోనూ ఇదే పద్ధతని తర్వాత తెలిసింది. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు నడిమి స్లయిడ్లు. కొంచెం వచ్చినవాళ్లకు మొదటి స్లయిడు, అందులో గ్రూపు వాళ్ల పేర్లుంటాయి. అసలు రానివాళ్లకు చివరి స్లయిడు, అందులో "థాంక్యూ" అని ఉంటుంది. అందరూ నోరు విప్పి తీరాలని మేడం నియమం, విప్పకపోతే గ్రూపు మొత్తానికి మార్కులు కోత. కాబట్టి ప్రతి గ్రూపుకూ ఒక థాంక్యూ మనిషి తప్పనిసరి.

"నువ్వు ఎండింగ్ చెప్పేయవే, చాలా ఈజీ," అంది లీడరు.

"ఏం చెప్పాలె?"

"థాంక్యూ ఫర్ యువర్ కైండ్ అటెన్షన్. అంతే."

నేను సరేనన్నాను. నాకు కోపం వచ్చింది. కానీ కోపాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడం రాదు, తెలుగులో చెబితే వీళ్లు "అయితే ఇంగ్లిష్‌లో చెప్పు" అంటారని ఊరుకున్నాను. రీసెర్చి కూడా నన్నే చేయమన్నారు. మాట్లాడే పని లేదు కాబట్టి నాకు టైము ఉంటుందని వాళ్ల లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

మా కాలేజీ లైబ్రరీ అంటే రెండు ఇనుప బీరువాలు. ఒకదాంట్లో గైడ్లు, రెండోదాంట్లో ఎవరో పెద్దాయన పోయాక వాళ్లింటివాళ్లు ఇచ్చేసిన పుస్తకాలు. ఆ రెండోదాంట్లో ఫ్రెంచి విప్లవం మీద ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. ముందు పేజీలు ఊడిపోయి ఉండటం వల్ల అది ఎవరు రాశారో, దాని పేరేమిటో తెలియదు. ఫోనులో డిక్షనరీ పెట్టుకుని రోజుకు నాలుగు పేజీలు చదివేదాన్ని. ఒక్కోరోజు మూడే.

ఇక మా నాన్న సంగతి. నాన్న హైటెక్ సిటీలో ఒక కంపెనీకి సెక్యూరిటీ గార్డు. పాలమూరు నుంచి వచ్చిన కొత్తలో ఆ బిల్డింగు పునాదులకే మట్టి తీశాడు. బిల్డింగు లేచాక, నడుము నొప్పి మొదలయ్యాక, ఏజెన్సీలో చేరి దాని గేటు దగ్గర నిలబడ్డాడు. తాను కట్టిన దాంట్లోకి కార్డు లేకుండా ఎవరినీ పోనివ్వకపోవడం ఆయన ఉద్యోగం. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా డ్యూటీ. నేను నాలుగింటికి ఇల్లు చేరేసరికి స్నానం చేసి, లుంగీ కట్టుకుని, టీ గ్లాసుతో గడప మీద కూర్చుని ఉండేవాడు.

నాన్నకు ఇంగ్లిష్‌లో పదకొండు వాక్యాలు వచ్చు. "సార్, ప్లీజ్ షో ఐడీ కార్డ్." "మేడం, విజిటర్ సైన్ ప్లీజ్." "సార్, పార్కింగ్ ఫుల్." ఇట్లాంటివి. ఆ పదకొండింటినీ ఆయన ఏ భయమూ లేకుండా ఎంత పెద్దవాళ్ల ముందైనా అనేసేవాడు. రెండేళ్లుగా ఇంగ్లిష్ మీడియం డిగ్రీలో కూర్చున్న నాకు ఆ ధైర్యం రాలేదు.

మొదటి రోజు విప్లవం సంగతి చెబితే టీ తాగుతూ విన్నాడు. రాజు, రాణి, రొట్టె దొరక్క జనం పడిన పాట్లు, ఇవన్నీ ఆయనకు కొత్తగా అనిపించలేదు. బాస్టిల్ కోట దగ్గరికి వచ్చాక మాత్రం గ్లాసు కింద పెట్టాడు.

"గేటు కాడ ఎంతమందున్నరు?"

"చానమంది నాయినా. ఊరంత వచ్చింది."

"వచ్చినోళ్లు గాదు బిడ్డా. డ్యూటీల ఎంతమంది?"

నాకు తెలియదు. ఇంటర్ పుస్తకంలో "ప్రజలు బాస్టిల్ కోటను ముట్టడించారు" అని ఒకే వాక్యం ఉండేది. నేను దాన్ని మూడు పరీక్షల్లో రాసి మూడుసార్లూ మార్కులు తెచ్చుకున్నాను. అందులో గేటు లేదు.

"గేటు ఇరగ్గొట్టిండ్రా, తెరిచిండ్రా?" అని మళ్లీ అడిగాడు.

"రెండిట్ల ఫరకేముంది?"

"ఇరగ్గొడితే కంపెనీ మీదికొస్తది. తెరిస్తే గార్డు మీదికొస్తది. జర చూసి చెప్పు."

ఆ రోజు నుంచి నా రీసెర్చి మా గ్రూపు కోసం కాక మా నాన్న కోసం నడిచింది. మర్నాడు చదివితే తేలిందేమిటంటే, ఆ కోటకు కాపలా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ముసలి సిపాయిలు. యుద్ధాల్లో దెబ్బలు తగిలి, వయసైపోయి, ఇక పనికిరారని తేల్చి, తేలిక డ్యూటీ అని అక్కడ వేసినవాళ్లు. ఇది చెప్పగానే నాన్న మొహం వెలిగిపోయింది.

"గంటే మా లెక్కనే!" అన్నాడు. ఆయన గేటు దగ్గర పనిచేసేవాళ్లలో ఇద్దరు మిలిటరీలో రిటైరైనవాళ్లు. ఒకాయనకు ఒక చెవి వినపడదు.

లోపల ఖైదీలు ఎంతమంది అని అడిగాడు. ఏడుగురు అన్నాను. ఏడుగురి కోసం ఇంత లొల్లా అన్నాడు. వాళ్ల కోసం కాదు, లోపల దాచిన తుపాకి మందు కోసమని చెప్పాను. స్టోర్ రూమన్నట్టు అని అర్థం చేసుకున్నాడు. మర్నాడు, బయటి గేటు ఎట్లా పోయిందో చెప్పాను. గోడకు ఆనుకుని ఉన్న ఒక దుకాణం కప్పు మీది నుంచి కొందరు లోపలికి దూకి, గేటు గొలుసులు నరికేశారట.

"పక్క బిల్డింగు గోడ! గదే, గదే మా సూపర్‌వైజర్‌కు ఆర్నెల్ల సంది చెప్తున్న," అన్నాడు నాన్న. వాళ్ల కంపెనీ పక్కనున్న ఖాళీ బిల్డింగు గోడ గురించి. తర్వాతి రోజు ఆ సూపర్‌వైజర్‌కు ఫ్రాన్సు సంగతి చెప్పి చూశాడట. లెటర్ పెట్టమన్నాడట.

ఇవన్నీ నేను గ్రూపులోనూ చెప్పాను. కాలేజీ మెట్ల మీద మీటింగు. గార్డుల మీద ఒక స్లయిడు పెడదామా అని అడిగాను. లీడరు తన నోట్‌బుక్ తెరిచి చూపించింది.

"కారణాలు, సంఘటనలు, ఫలితాలు, ప్రాముఖ్యత. మేడం మార్కులిచ్చేది ఈ నాలుగింటికి. ఇందులో గార్డులు ఎక్కడ వస్తారో మీరే చెప్పండి."

అండి వచ్చేసింది కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

"గేటు ఓపెనయ్యే యానిమేషన్ ఉంది నా దగ్గర, పెట్టాల్నా?" అన్నాడు మూసాపేట అబ్బాయి.

"వద్దు," అంది లీడరు. వాడు పెట్టాడు. స్లయిడు మధ్యకు చీలి రెండు తలుపుల్లా పక్కలకు జరిగేది. మా ప్రజెంటేషన్‌లో గార్డులకు సంబంధించి ఉన్నది అదొక్కటే.

అప్పుడే నాన్న గేటు దగ్గర కార్డులు ఎర్రబడటం మొదలైంది. పొద్దున ఉద్యోగులు వచ్చి గేటు మిషన్‌కు కార్డు ఆనిస్తే పచ్చలైటు వెలిగి దారి ఇస్తుంది. కొందరికి ఎర్రలైటు వెలుగుతోంది. అంటే ఉద్యోగం పోయినట్టు. ఇంట్లో మెయిలు చూసుకోకుండా బయల్దేరిన వాళ్లకు ఆ సంగతి మొట్టమొదట చెప్పేది లైటు. రెండోది మా నాన్న. రోజుకు ఇద్దరు, ముగ్గురు ఉండేవాళ్లు.

సూపర్‌వైజర్ ఒక కాగితం మీద కొత్త వాక్యం రాసిచ్చి, ఇదే అనాలి, ఇంకేం అనొద్దన్నాడట. నాన్న దాన్ని జేబులోంచి తీసి నాకిచ్చాడు. నేను తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. "మేడం, యువర్ యాక్సెస్ ఈజ్ క్లోజ్డ్. ప్లీజ్ వెయిట్ అసైడ్." పన్నెండో వాక్యం. నన్ను ఎదురుగా నిలబెట్టి పదిసార్లు అన్నాడు.

"దీంట్ల సారీ యాడుంది?"

"లేదు నాయినా."

"మర్చిపోయిండ్రా?"

"ఏమో. నువ్వు కలుపుకో."

"ఉన్నదే అనమన్నడు," అని కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

దానికి బదులుగా నాకు నిలబడటం నేర్పాడు. మడమలు దగ్గర పెట్టాలి, చేతులు వెనక కట్టుకోవాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకూడదు. "కండ్లల్లకు చూస్తే మాట తప్పిపోతది. కనుబొమ్మల మీదికి చూడు. వాళ్లకు ఎర్కనే గాదు." గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ నేను థాంక్యూ ఫర్ యువర్ కైండ్ అటెన్షన్ అన్నాను. బాగుందన్నాడు.

ఆ రోజుల్లో నాన్న పరేషాన్‌లో ఉన్నాడని నాకు తెలుసు. అమ్మకు కూడా తెలుసు. ఆమె బ్లౌజులు కుడుతూ మిషన్ ఆపకుండానే, "గా కార్డుల ఫికర్ మనకెందుకు, మనకు కార్డే లేకపాయె," అనేది. నాన్న భయం అది కాదు. మొన్నటిదాకా ఆయనకు గుడ్ మార్నింగ్ చెప్పినవాళ్లే పక్కన నిలబడి ఏడుస్తున్నారు. ఒకరోజు వాళ్లంతా కలిసి గేటు మీదికి వస్తే తానేం చేయాలి? తెరవాలా, తెరవకూడదా? ఈ ప్రశ్న సూపర్‌వైజర్‌ను అడగలేడు. అందుకని ఫ్రాన్సును అడిగేవాడు.

"లోపలి గేటు సంగతేమైంది?" అనేవాడు రోజూ. "తెరిస్తే, తెరిచినాయన్ను ఏం జేసిండ్రు?"

"ఇంక ఆ పేజీ దాంక పోలే నాయినా."

ఆ పేజీ ఒక గురువారం వచ్చింది. కోట మీద ఆశ వదులుకున్న అధికారి తుపాకి మందుకు నిప్పంటించి, కోటతో పాటు చుట్టుపక్కల ఇళ్లన్నీ లేపేద్దామనుకున్నాడు. కాపలా సిపాయిల్లో ఒకాయన అడ్డుపడి అది జరగకుండా ఆపాడు. తర్వాత ఆయనే గేటు తెరిచాడు. గేటు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడ్డ ఆయన్ను చూసి, లోపలికి వచ్చిన జనం, జైలులో తాళాలు వేసేవాడు వీడే అనుకున్నారు. ఆయన చెయ్యి నరికారు. తాళంచెవి ఇంకా పిడికిట్లోనే ఉన్న ఆ చేతిని వీధుల్లో ఊరేగించారు. తర్వాత ఆయన్ను ఉరితీశారు. నేను ఆ పేజీలో ప్రతి మాటనూ ఫోనులో రెండుసార్లు వెతికాను, నాకు ఇంగ్లిష్ రాక తప్పు అర్థం చేసుకుని ఉంటానని. రెండుసార్లూ అదే అర్థం వచ్చింది.

రైలులో బోరబండ దాకా ఆలోచించాను. ఇంటికి వెళ్లేసరికి నాన్న గడప మీద ఉన్నాడు. గ్లాసు పక్కన పెట్టి, "ఇయ్యాల వచ్చిందా పేజీ?" అన్నాడు.

"వచ్చింది నాయినా. లోపలి గేటు తెరిచిండ్రు. తెరిచినాయన్ను ఏమనలే. మస్తు మెచ్చుకున్నరు. పింఛనిచ్చి ఇంటికి తోలిండ్రు."

"ఇయ్యాలె గదా, ముసలాయన," అన్నాడు నాన్న. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం రెండో గ్లాసు టీ అడిగాడు.

అబద్ధం చెప్పినందుకు నాకు అప్పుడు బాధ కలగలేదు. ఎక్కడో ఫ్రాన్సులో, ఎప్పుడో జరిగినదాన్ని కొంచెం మారిస్తే ఎవరికి నష్టం అనుకున్నాను. మూడు రోజులయ్యాక నాన్న చెప్పాడు, ఆ సంగతి తన గేటు వాళ్లందరికీ చెప్పానని. రెండో గేటు వాళ్లు మూడో గేటు వాళ్లకు చెప్పారట. చెవి వినపడని మిలిటరీ ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందట. ఆయన, "ఫౌజీ పింఛను ఎక్కడైనా ఫౌజీ పింఛనే," అన్నాడట. అప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ప్రజెంటేషన్ రోజు వచ్చింది. తలుపులు రెండు పక్కలకూ జరిగి ఫ్రాన్స్ జెండా కనపడింది. మొదటి స్లయిడు మూసాపేట అబ్బాయి చెప్పాడు, మా పేర్లు చదివి కూర్చున్నాడు. కారణాలు, సంఘటనలు లీడరు చెప్పింది. బాగా చెప్పింది. బాస్టిల్ దగ్గర, "ద పీపుల్ అటాక్డ్ ద ఫోర్ట్" అని ముందుకు వెళ్లిపోయింది. ఫలితాలు, ప్రాముఖ్యత బ్యాంకు అమ్మాయి చెప్పింది. ఆ స్లయిడ్లను తను చూడటం అదే మొదటిసారి. మా అందరికంటే తనే బాగా చెప్పింది, మేడం తల కూడా ఊపారు.

తర్వాత థాంక్యూ వచ్చింది. గులాబీ పువ్వు, దాని మీద వాలుతున్న పిట్ట, ఒక్కొక్క అక్షరం పైనుంచి రాలి పడుతోంది. క్లాసు చప్పట్లు మొదలుపెట్టేసింది. నేను లేచి, మడమలు దగ్గర పెట్టి, చేతులు వెనక కట్టుకుని, థాంక్యూ ఫర్ యువర్ కైండ్ అటెన్షన్ అన్నాను. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ఇక కూర్చోవాలి. కూర్చోలేకపోయాను.

"మేడం, నేనొక మాట తెలుగులో చెప్పొచ్చా?"

మేడం వాచీ చూసుకున్నారు. "రెండు నిమిషాలు."

లీడరు నా వైపు చూసింది. నేను ఆమె కనుబొమ్మల మీదికి చూశాను. తర్వాత క్లాసు మొత్తం కనుబొమ్మల మీదికి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు కోటలో డ్యూటీలో ఎవరున్నారో, వాళ్లు ఎంత ముసలివాళ్లో, వాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్లెవరూ ఎందుకు రాలేదో, గేటు దగ్గర నిలబడ్డవాడికి లోపలివాళ్లూ బయటివాళ్లూ ఇద్దరూ పరాయివాళ్లే ఎలా అవుతారో చెప్పాను. ఊరిని కాపాడిన ఆ చేతిని నరికి ఊరంతా తిప్పారని చెప్పాను. నా వెనక పిట్ట గులాబీ మీద వాలుతూనే ఉంది. రెండు నిమిషాలు దాటి ఆరు అయ్యాయి. ఇంట్లో చెప్పలేనిది అక్కడ చెప్పేశాను, అంతే. నాకు అంత కోపం ఉందని చెబుతున్నప్పుడే తెలిసింది.

చివరి బెంచీ నుంచి ఒకడు, "మరి ఆ చెయ్యిని వాళ్లింటోళ్లకు ఇచ్చిండ్రా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు తెలియదన్నాను.

"ఏ పుస్తకంలో ఉంది ఇది?" అన్నారు మేడం.

"ముందు పేజీలు లేవు మేడం."

"పుస్తకం పేరు లేకపోతే నేను మార్కులు వేయలేను. టైము దాటినందుకు రెండు తగ్గిస్తున్నాను," అన్నారు. రాసుకుని, "బీరువాలో ఎక్కడుందో నాకు చూపించు," అన్నారు.

మెట్లు దిగుతుంటే లీడరు నా పక్కకు వచ్చింది. "చాలా బాగా చెప్పారండి," అంది. తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు.

నేను రైలులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. మనసు తేలిగ్గా ఉంది. ఇంటికి పోగానే నాన్నకు ఆరు నిమిషాలు మాట్లాడానని చెప్పాలి, ఏం మాట్లాడానన్నది చెప్పకూడదు అనుకున్నాను.

నాన్న గడప మీదే ఉన్నాడు. లుంగీ కట్టుకోలేదు, యూనిఫారంలోనే ఉన్నాడు. టీ గ్లాసు లేదు. ఒళ్లో పొద్దున అమ్మ కట్టిచ్చిన సద్దిడబ్బా, మూత తీయకుండా. అమ్మ మిషన్ ఆగి ఉంది.

"తినలేదా నాయినా?"

"సైట్ మార్చిండ్రు. రేపటి సంది మూసాపేట. గోదాం డ్యూటీ."

"ఎందుకు?"

"గేటు తెరిచిన."

జనం మీదికి రాలేదు. లొల్లి జరగలేదు. ఒక మేడం, ఎనిమిదేళ్లుగా రోజూ గుడ్ మార్నింగ్ చెప్పిన మేడం, పొద్దున కార్డు ఆనించింది. ఎర్రలైటు వెలిగింది. నాన్న పన్నెండో వాక్యం అన్నాడు. ఆమె తలూపింది కానీ కదల్లేదు. మళ్లీ అన్నాడు. అప్పుడామె, "తెలుసండి, మెయిల్ చూశాను. నిన్నటి క్యారేజీ లోపలే ఉండిపోయిందండి. పప్పుచారు. వాసనొస్తుందండి," అందట.

"సామాను ప్యాక్ చేసి ఇంటికి పంపిస్తరని రూలు," అన్నాడు నాన్న నాతో. "పప్పుచారు ప్యాక్ చేస్తరా బిడ్డా?"

పక్క గేటు తెరిచాడు. ఆమె లోపలికి వెళ్లి అయిదు నిమిషాల్లో క్యారేజీతో తిరిగొచ్చింది. ఇంకేమీ తీసుకోలేదు. థాంక్యూ అండి అని చెప్పి వెళ్లిపోయింది. తొమ్మిదింటికల్లా సూపర్‌వైజర్ కెమెరాలో చూశాడు. పదింటికల్లా ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది.

"భయమెయ్యలేదా నాయినా?"

"ఎందుకేస్తది? నువ్వే చెప్తివి గదా, గేటు తెరిచిన ముసలాయన్ను ఏమనలేదని. గది యాదికొచ్చింది."

నేను గడప మీద ఆయన పక్కన కూలబడ్డాను. ఆరు నిమిషాలు పరాయివాళ్లకు నిజం చెప్పి వచ్చాను. నమ్మిన ఒక్క మనిషికి అబద్ధం చెప్పాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. తుపాకి మందు, తాళంచెవి, చెయ్యి, ఊరేగింపు, ఉరి. అమ్మ కూడా మిషన్ దగ్గర నుంచి లేచి వచ్చి విన్నది.

నాన్న ఒళ్లోని డబ్బాను పక్కన పెట్టాడు.

"ఉరేసిండ్రా?"

"ఊ."

"క్లాసుల గిదే చెప్పినవా? నిజం?"

"గిదే చెప్పిన. మార్కులు కోసిండ్రు."

"అయితే నాది నయమే," అన్నాడు. "మూసాపేటనే గదా."

డబ్బా మూత తీసి వాసన చూశాడు. పప్పు పాడైంది. అమ్మ వేరే వండుతానంది కానీ వద్దని, పచ్చడి నంజుకుని అన్నం మాత్రం తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ నన్ను దగ్గరికి పిలిచాడు.

"రెండో గేటోళ్లు, మూడో గేటోళ్లు ఎప్పుడన్న రైల్ల కలిస్తే నిన్ను అడుగుతరు, గా ముసలాయన సంగతి. పింఛనిచ్చిండ్రనే చెప్పు బిడ్డా. వాళ్లింక గేట్ల కాడనే ఉన్నరు."